మధ్యాహ్నం బిగుసుకుపోతున్న పాత కంప్యూటర్: కాలేది ప్రాసెసర్ ఒక్కటే కాదు

ప్రశ్న: తాడిపత్రిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేస్తాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు, తెలుగు ఫాంట్లు, ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవి లాంటి ముక్క) అన్నీ విండోస్ 98 ఉన్న 1997 నాటి కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. బోర్డు మీద ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్, పాత తరహా ఏటీ క్యాబినెట్. మొదట్లో పెంటియం 133, 32 ఎంబీ మెమరీ ఉండేవి. జనవరిలో ఏఎండీ కే6-2 400 ప్రాసెసర్, రెండు 64 ఎంబీ మెమరీ కడ్డీలు, హార్డ్ డిస్క్ బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వేయించాను. బోర్డు పుస్తకంలో ప్రాసెసర్ వోల్టేజీ 2.8 వోల్టుల కంటే తక్కువ లేదని అదే పెట్టారు. మార్చి దాకా బాగానే నడిచింది. ఇప్పుడు మధ్యాహ్నం ముప్పావు గంట కాకముందే స్క్రీన్ బిగుసుకుపోతోంది. పొద్దున రెండు మూడు సార్లు రీసెట్ నొక్కితే గానీ లేవడం లేదు. మెమరీ పెంచాక పని ఇంకా నెమ్మదించింది. ఇంకో ఫ్యాను పెట్టినా లాభం లేదు. పవర్ సప్లై మార్చమంటున్నారు. మార్చాలా?

సమాధానం: ఇప్పుడే మార్చకండి. మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాలు కావు, మూడు వేర్వేరు జబ్బులవి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేవకపోవడం ఒకటి, వేడెక్కాక బిగుసుకుపోవడం ఇంకొకటి, మెమరీ పెరిగాక నెమ్మదించడం మూడోది. మూడూ కలిసి కనిపించడంతో కొత్త ఫ్యాను పెట్టి చూశారు. ఫ్యానుతో కొంతవరకు తగ్గేది అందులో ఒక్కటే.

పాత యంత్రంలో తప్పు ఎక్కడుందో సమయమే చాలావరకు చెబుతుంది. ఆన్ చేసిన రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతే ప్రాసెసర్ మీద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) సరిగా కూర్చోలేదని అర్థం. అరగంట, ముప్పావు గంట తర్వాత ఆగితే నెమ్మదిగా వేడెక్కే పెద్ద లోహపు ముక్కలను, అంటే రెగ్యులేటర్ (ప్రాసెసర్‌కు వోల్టేజీ తగ్గించి ఇచ్చే భాగం) హీట్‌సింక్‌ను, క్యాబినెట్ లోపలి గాలిని అనుమానించాలి. చల్లగా ఉంటే మొరాయించి వేడెక్కాక దారికొస్తే కెపాసిటర్లు ఎండిపోతున్నట్టు. చలి, వేడి తేడా లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు ఆగితే మెమరీనో పవర్ సప్లైనో చూడాలి. మీకు రెండోదీ మూడోదీ కలిసి వచ్చాయి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఫ్లాష్ కార్డు తీసి, కార్డ్ రీడర్‌తో ఇంకో కంప్యూటర్‌లో మొత్తం కార్డుకు ఇమేజ్ కాపీ తీసి పెట్టుకోండి. వేడికి బిగుసుకున్నప్పుడల్లా రీసెట్ కొడుతున్నారు కాబట్టి ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఇప్పటికే ఉంది. డాంగిల్ కూడా తీసి బీరువాలో పెట్టండి. బోర్డు పోతే ఇంకో బోర్డు దొరుకుతుంది, డాంగిల్ దొరకదు.

ఇక అసలు విషయం. పవర్ సప్లై బోర్డుకు 5 వోల్టులు ఇస్తుంది. ప్రాసెసర్‌కు అంత అక్కర్లేదు. మధ్యలో రెగ్యులేటర్ ఆ 5 వోల్టులను తగ్గిస్తుంది. ప్రాసెసర్ సాకెట్ పక్కన రాగితీగ చుట్టిన గారె ఆకారపు కాయిల్ ఉంటే అది దాదాపుగా స్విచింగ్ రకం, పెద్దగా వేడెక్కదు. కాయిల్ లేకుండా మూడు కాళ్ల ముక్కలు ఒకటో రెండో అల్యూమినియం రెక్కలకు బిగించి ఉంటే అది లీనియర్ రకం. ఆ కాలపు చౌక టీఎక్స్ బోర్డుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. మీ లక్షణాలు కూడా దీన్నే చూపిస్తున్నాయి. లీనియర్ రెగ్యులేటర్ తగ్గించిన వోల్టేజీని ఇంకెక్కడికీ పంపదు, అక్కడికక్కడే వేడిగా మార్చేస్తుంది.

లెక్క చూడండి. మీ పాత పెంటియం 133 ఎంత గట్టిగా పనిచేసినా 3.3 వోల్టుల దగ్గర 3.4 ఆంపియర్లు, అంటే 11.2 వాట్లు తీసుకునేది. రెగ్యులేటర్ తగ్గించాల్సింది 1.7 వోల్టులే కాబట్టి దానిమీద పడే వేడి 6 వాట్ల లోపు. ఆ రెక్కలు ఆ మాత్రానికే చేసినవి. ఇప్పుడు కే6-2 400 సంగతి. దాని లోహపు మూత మీద గీతల్లా సన్నగా రాసి ఉంటుంది: కోర్ (లెక్కలు చేసే భాగం) 2.2 వోల్టులు, ఐవో (బయటి భాగాలతో మాట్లాడేది) 3.3 వోల్టులు. లెక్క సులువుగా ఉండేందుకు అది 2.2 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం, అంటే 17.6 వాట్లు. మీరు 2.8 పెట్టారు. వోల్టేజీ పెరిగితే కరెంటు కూడా దామాషాలో పెరుగుతుంది, 10.2 ఆంపియర్లు అవుతుంది. ప్రాసెసర్ వేడి 28 వాట్లు దాటుతుంది, ఉండాల్సిన దానికి 1.6 రెట్లు. ఇది తప్పకుండా సరిచేయాలి.

అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. 2.8 నుంచి 2.2కు దించగానే అంతా చల్లబడుతుందనుకుంటారు. రెగ్యులేటర్ వైపు నుంచి చూడండి. 2.8 దగ్గర అది తగ్గించేది 2.2 వోల్టులు, పారే కరెంటు 10.2 ఆంపియర్లు, వేడి 22.4 వాట్లు. 2.2 దగ్గర అది తగ్గించేది 2.8 వోల్టులు, కరెంటు 8 ఆంపియర్లు, వేడి మళ్లీ అదే 22.4 వాట్లు! ప్రాసెసర్ హాయిగా ఊపిరి పీల్చుకున్నా రెగ్యులేటర్ మీద భారం ఒక్క వాటు కూడా తగ్గదు. 6 వాట్లకు చేసిన రెక్కల మీద 22 వాట్లు పడుతున్నాయి. మీ బోర్డు మధ్యాహ్నం ఓడిపోతున్నది ఇక్కడే.

జనవరిలో ఎందుకు నడిచిందో కూడా ఈ లెక్కే చెబుతుంది. అలాంటి చిన్న రెక్కలు ఒక్కో వాటుకు సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతాయనుకుంటే, 22 వాట్లకు చుట్టూ ఉన్న గాలి కంటే 66 డిగ్రీలు పైన ఉంటాయి. చలికాలం షాపులో 28, క్యాబినెట్ లోపల ఇంకో 10 కలిపితే రెక్కలు 104 దగ్గర ఉండేవి. ఇప్పుడు రేకుల కింద షాపులో 44 అయితే 120కి చేరతాయి. రెక్కలే అంతుంటే ముక్క లోపల ఇంకా ఎక్కువ. అక్కడికొచ్చేసరికి కొన్ని రెగ్యులేటర్లు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి, మిగతావి వోల్టేజీ నిలబెట్టలేక జారిపోతాయి. ప్రాసెసర్‌కు ఒక్క క్షణం వోల్టేజీ తగ్గినా చాలు, స్క్రీన్ బిగుసుకుంటుంది.

కాబట్టి రెండు పనులు కలిపి చేయాలి: వోల్టేజీ 2.2కు దించాలి, వేగమూ దించాలి.

వోల్టేజీతో మొదలుపెట్టండి. పుస్తకంలో 2.2 లేకపోయినా బోర్డులో ఉండే అవకాశం ఉంది. మీ పట్టికలో 2.8, 2.9, 3.2, 3.5 వోల్టులకు జంపర్లు (బోర్డు మీది పిన్నులను కలిపే చిన్న టోపీలు) ఎలా చూపారో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కాలపు చాలా బోర్డుల్లో నాలుగు జంపర్లు 2.0 వోల్టుల మీద వరసగా 0.1, 0.2, 0.4, 0.8 కలుపుతాయి. అదే పద్ధతి అయితే 2.8కి ఒకటే జంపర్ ఉంటుంది, 2.9కి దానితోపాటు ఇంకొకటి, 3.2కి దానితోపాటు వేరొకటి, 3.5కి నాలుగూ ఉంటాయి. 2.8కి ఉన్నది 0.8. 2.9లో అదనంగా వచ్చింది 0.1. 3.2లో అదనంగా వచ్చింది 0.4. మిగిలిపోయిన నాలుగోది 0.2. అదొక్కటే పెట్టి మిగతావి తీస్తే 2.2 రావాలి. అలా కాకుండా ఒక్కో వోల్టేజీకి ఒక్కో విడి జంపర్ ఉంటే 2.2 ఆశ వదులుకోండి. ఆ పరిస్థితికి దారి కింద చెప్పాం.

జంపర్ మార్చాక నమ్మకం మీద వదిలేయకండి, మల్టీమీటర్‌తో కొలవండి. నల్ల ప్రోబ్ పవర్ కనెక్టర్ మధ్యలోని నల్ల తీగ దగ్గర పెట్టండి, ఎర్ర ప్రోబ్ రెగ్యులేటర్ కాళ్ల మీద ఒక్కొక్కటిగా ఆనించండి. ఒక కాలు 5 వోల్టులు చూపిస్తుంది, ఇంకొకటి కోర్ వోల్టేజీ చూపిస్తుంది. వెనకున్న లోహపు రేకు మీద 5 కనిపిస్తే కంగారు పడకండి, కొన్ని రకాల్లో అది లోపలికి వచ్చే వైపే. ఈ పనిలో పెద్ద ప్రమాదం ప్రోబ్ జారడం. రెండు కాళ్లు ఒకదానికొకటి తగిలితే 5 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌లోకి పోయి అది అక్కడికక్కడే కాలిపోతుంది. అందుకే ఎర్ర ప్రోబ్ మొనకు ఇన్సులేషన్ టేపు చుట్టి, చివర 2 మిల్లీమీటర్లు మాత్రమే బయట ఉంచండి. 2.1 నుంచి 2.3 మధ్య వస్తే సరిపోయినట్టే.

తర్వాత వేగం. బస్ అంటే బోర్డు నడిచే మూల వేగం, దాన్ని జంపర్లు చెప్పినన్ని రెట్లు చేస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. కే6-2లో ఒక వింత ఉంది. బోర్డు మీద 2 రెట్లు అని పెట్టిన జంపర్‌ను అది 6 రెట్లుగా చదువుకుంటుంది. 66 మెగాహెర్ట్జ్ బస్ మీద 400 వస్తున్నది అలాగే. 1.5 రెట్లు అని ఉన్న స్థానాన్ని 3.5గా చదువుకుంటుంది, అప్పుడు 233 మెగాహెర్ట్జ్ అవుతుంది. మీ బోర్డులో రెట్ల జంపర్లు రెండే ఉంటే 1.5 స్థానంలో పెట్టండి. మూడోది, బీఎఫ్2 అనేది కూడా ఉంటే 4 రెట్లు పెట్టి 266 తీసుకోవచ్చు. 233 దగ్గర కరెంటు 400తో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే. రెగ్యులేటర్ వేడి 22 నుంచి 13 వాట్లకు దిగుతుంది, ప్రాసెసర్ వేడి 28 నుంచి 10కి. క్యాబినెట్ లోపల ఈ రెండూ కలిసి 51 వాట్లు చిమ్ముతున్నవి 23 అవుతాయి.

400 మెగాహెర్ట్జ్ అని కొన్నది 233లో నడపడమా అని మనసు ఒప్పుకోదు, నిజమే. కానీ పెళ్లిపత్రిక పేజీ తిప్పడానికి 233 ధారాళంగా చాలు. పాత 133తో పోలిస్తే స్పష్టమైన మెరుగే. సగం రోజు నడిచే 400 కంటే రోజంతా నడిచే 233 షాపుకు విలువైనది. 2.2 వోల్టులు దొరకని బోర్డయితే కే6-2 తీసేసి పెంటియం ఎంఎంఎక్స్ 233 వేయండి. దాని సొంత వోల్టేజీయే 2.8, రెట్ల జంపర్ కూడా అదే 1.5 స్థానం. ఎంత గట్టిగా పనిచేసినా అది 17 వాట్లు, రెగ్యులేటర్ మీద సుమారు 13. బెంగళూరు ఎస్పీ రోడ్డు వైపు వెళ్లేవాళ్లుంటే పాత సామాన్ల దుకాణాల్లో అడిగించి చూడండి.

బస్ వేగం 75కో 83కో పెంచి ఆ లోటు పూడ్చుకోవాలని మాత్రం చూడకండి. టీఎక్స్ బోర్డు మీద బస్ పెరిగితే పీసీఐ (కార్డులకు డేటా వెళ్లే దారి) కూడా 33 మెగాహెర్ట్జ్ దాటి 37.5, 41.5కు పోతుంది. ఫైళ్లు తెలియకుండానే చెడిపోతాయి.

ఫ్యాను ఇప్పుడు పనికొస్తుంది, కానీ చోటు మారాలి. 40 మిల్లీమీటర్ల చిన్న 12 వోల్టుల ఫ్యాను రెగ్యులేటర్ రెక్కల మీదికి నేరుగా వీచేలా ప్లాస్టిక్ టైతో కట్టండి. పట్టీలా వెడల్పుగా ఉండే ఐడీఈ కేబుల్ దానికి అడ్డం పడకుండా మడిచి పక్కకు కట్టేయండి. ముందుభాగంలో మీరు పెట్టిన ఫ్యాను గాలిని ఆ కేబులే ఆపుతూ ఉండవచ్చు. ప్రాసెసర్ హీట్‌సింక్ తీసి ఎండిపోయిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మూత మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి నొక్కండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు.

మీ ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటి: నాపరాళ్ల పాలిష్ దుమ్ము. మెత్తటి సున్నపురాయి పొడి రెక్కల మధ్య పేరుకుని, వానాకాలం తేమ తగిలితే పెచ్చులా గట్టిపడుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదిపి చేతి బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ గాలితో నీళ్లూ నూనే తుంపర్లుగా వస్తాయి. దుమ్ము కాలంలో నెలకోసారి ఈ పని తప్పదు.

ఇక పొద్దున లేవని సమస్య. సాకెట్ చుట్టూ నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు చూడండి. లోపలి ద్రవం ఎండేకొద్దీ వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది ఇంకా ఎక్కువ. అందుకే పొద్దున మొదటి నెట్టుకు అవి సరిపోవు, రెండు రీసెట్లతో కాస్త వేడెక్కాక పని కానిస్తాయి. పైభాగం ఉబ్బితే అనుమానమే అక్కర్లేదు. కానీ ఉబ్బకుండా కూడా చెడిపోతాయి కాబట్టి రెగ్యులేటర్ రెక్కల పక్కనే ఉన్నవాటిని చూసేందుకు బాగున్నా మార్చేయండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఈ కొన్ని నెలలూ వాటి పక్కన 100 డిగ్రీల రెక్కలున్నాయి.

డబ్బా మీద రాసిన మైక్రోఫారడ్ విలువే కొనండి, వోల్టేజీ సమానమో ఎక్కువో ఉండాలి. 105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్ (తక్కువ అంతర్గత నిరోధం) అని అడిగి తీసుకోండి. టీవీలకు వేసే మామూలు 85 డిగ్రీల రకం ఇక్కడ నిలబడదు. తీసే ముందు ఫోటో తీసుకోండి. కెపాసిటర్ మీది చార నెగటివ్ వైపు. బోర్డు మీద రంగు నింపిన సగం సాధారణంగా నెగటివే, కానీ కొన్ని బోర్డుల్లో తిరగేసి ఉంటుంది కాబట్టి పాతది ఎలా ఉందో అదే ప్రమాణం. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఈ పని కాదు. బోర్డు లోపలి రాగి పొరలు వేడిని లాగేస్తాయి, సీసం సగం కరిగి ఆగిపోతుంది. అప్పుడు బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి వస్తుంది, ఆ బోర్డు పని అయిపోయినట్టే. 60 వాట్లది తీసుకుని, కొత్త సీసం కొంచెం కలిపి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు వేడి చేస్తూ అటూ ఇటూ ఊపుతూ తీయండి. రంధ్రంలో మిగిలిన సీసాన్ని వెనక నుంచి వేడి చేస్తూ, చెక్కి సన్నగా చేసిన అగరుబత్తి పుల్లను ముందు నుంచి గుచ్చితే శుభ్రంగా తెరుచుకుంటుంది. వెదురుకు సీసం అంటుకోదు.

మెమరీ విషయం చిన్నది. 430టీఎక్స్ చిప్‌సెట్ 256 ఎంబీ దాకా మెమరీ తీసుకుంటుంది గానీ, మొదటి 64 ఎంబీకి మాత్రమే బోర్డు మీది క్యాష్ (తరచు వాడేవి దగ్గర పెట్టుకునే వేగమైన చిన్న మెమరీ) పనిచేస్తుంది. విండోస్ 98 మెమరీని పైనుంచి వాడుకుంటూ వస్తుంది కాబట్టి క్యాష్ లేని భాగమే ముందు నిండుతుంది. మీ యంత్రం నెమ్మదించింది అందుకే. ఒక కడ్డీ తీసేయండి. తీసినదాన్ని పారేయకండి, పరీక్షలకు పనికొస్తుంది.

ఫ్లాష్ కార్డు వేడికి కారణం కాదు. కాకపోతే చౌక అడాప్టర్లలో డీఎంఏ (ప్రాసెసర్ మీద భారం పడకుండా డేటా పంపే పద్ధతి) తీగలు కలిపి ఉండవు. డివైస్ మేనేజర్‌లో ఆ డిస్కుకు డీఎంఏ టిక్ పెట్టి ఉంటే తీసేయండి, దానివల్ల వచ్చే బిగుసుకుపోవడాలు వేడివాటిలాగే కనిపిస్తాయి.

పవర్ సప్లైని మార్చే ముందు కొలవండి. కంప్యూటర్ పని చేస్తుండగా బోర్డు కనెక్టర్ దగ్గర ఎర్ర తీగ 4.75 నుంచి 5.25 మధ్య, పసుపు తీగ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. మధ్యాహ్నం వేడెక్కాక కూడా 5 వోల్టుల తీగ 4.9 పైన నిలబడితే దాన్ని వేధించకండి. 4.75 కిందికి జారితే మార్చాల్సిందే. అప్పుడు ఏటీఎక్స్ (ఏటీ తర్వాత వచ్చిన రకం) సప్లైకి ఏటీ కన్వర్టర్ తీగ పెట్టుకోవచ్చు, కానీ కొత్త సప్లైల్లో బలమంతా 12 వోల్టుల వైపే ఉంటుంది కాబట్టి లేబుల్ మీద 5 వోల్టులకు 20 ఆంపియర్లు ఉన్నదే తీసుకోండి. పాత కనెక్టర్లు రెండూ తిరిగి పెట్టేటప్పుడు నల్ల తీగలు నాలుగూ మధ్యలో కలవాలి, తారుమారైతే బోర్డు పోతుంది. ఏటీ క్యాబినెట్ ముందున్న స్విచ్‌లోకి 230 వోల్టులు నేరుగా వస్తాయని మరవకండి. లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్ పీకేయండి. మీటర్‌తో కొలిచేటప్పుడు మాత్రం కరెంటు ఉండక తప్పదు కాబట్టి చెయ్యి ఆ స్విచ్ వైపు పోకుండా చూసుకోండి. సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ పీకాక కూడా 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు.

అన్నీ అయ్యాక పరీక్ష పొద్దున పెట్టుకుంటే మోసపోతారు. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పాత వెర్షన్ ఫ్లాపీలో వేసుకుని, మధ్యాహ్నం 2 గంటలకు షట్టర్ సగం దించి, క్యాబినెట్ మూత బిగించి రెండు గంటలు వదిలేయండి. మూత తీసి పరీక్షిస్తే లోపలి వేడి బయటికి పోయి తప్పు దాక్కుంటుంది. తప్పులు రాకుండా పూర్తయితే పేజ్‌మేకర్‌లో రోజు పని మొదలుపెట్టండి. మెమ్‌టెస్ట్ బాగా నడిచి పేజ్‌మేకర్ ఒక్కటే ఆగితే అప్పుడు కార్డు మీది విండోస్ ఫైళ్లను చూడాలి. మెమ్‌టెస్ట్ కూడా బిగుసుకుంటే ఆ క్షణంలోనే రెగ్యులేటర్ కాళ్ల మీద మళ్లీ కొలవండి. 2.1 కిందికి జారి ఉంటే రెక్కలు ఇంకా చాలడం లేదు, వేగాన్ని 200కు, అంటే 3 రెట్ల స్థానానికి దించండి. వోల్టేజీ నిలబడి ఉండి ఎర్ర అక్షరాలతో తప్పులు వస్తే ఆ కడ్డీ తీసి, పక్కన పెట్టిన రెండోది వేసి చూడండి.

ఒక మాట మిగిలింది. విండోస్ 98 ఇలాంటి బోర్డుల మీద మీరు ఊరికే కూర్చున్నప్పుడు కూడా ప్రాసెసర్‌కు విశ్రాంతి ఇవ్వదు. రెయిన్, సీపీయూ ఐడిల్ లాంటి చిన్న ప్రోగ్రామ్ ఏదైనా స్టార్టప్‌లో వేసుకుంటే కస్టమర్‌తో మాట్లాడే పది నిమిషాలూ యంత్రం చల్లబడుతుంది. చివరికి ఏ జంపర్ ఎక్కడ పెట్టారో, మీటర్ ఎంత చూపించిందో తేదీ వేసి కాగితం మీద రాసి క్యాబినెట్ మూత లోపల అతికించండి. పాత పెంటియం 133ను కూడా దాని జంపర్ల వివరంతో ఒక కవర్లో దాచి ఉంచండి.